పంతులమ్మ పోసిన నీళ్లు

మా అక్క మనుమరాలు మందమర్రిలో ఒక ఆడపిల్లల ప్రైవేటు బడిలో టీచరు. పోయిన నెల ఆ బడి వార్షికోత్సవం జరిగితే నన్ను రమ్మని కబురు పెట్టింది. "తాతా, గీ చుట్టుముట్టు ఆడపిల్లలకు మొదలు పెట్టిన బడి మీ ఊర్లనే ఉండెనట గదా. ఆ ముచ్చట జర మా పిల్లలకు చెప్పు. పది నిమిషాలు చాలు" అంది. పది నిమిషాలకు ఒప్పుకుని ముప్పావు గంట మాట్లాడాను. మైకు నా చేతికిచ్చిన వాళ్లది తప్పు గానీ నాది కాదు.

ఏమేం చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఆనాటి పంతులమ్మకు నేను కుడిభుజమట. గోదావరి పొంగినప్పుడు పడవ నేనే నడిపి ఆమెను ఇవతలి ఒడ్డుకు చేర్చానట. ఆడపిల్లలను బడికి పంపమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలానట. అడ్డం వచ్చిన పటేలును నడివాకిట్లో నిలదీశానట. అప్పటికి నాకు నిండా తొమ్మిదేళ్లు లేవన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మిస్ట్రెస్ శాలువా కప్పింది. నేను కళ్లు కూడా తుడుచుకున్నాను. ఆ ముప్పావు గంటలో నిజమైనవి ఆ కన్నీళ్లు మాత్రమే. అవి ఎందుకొచ్చాయో ఎవరికీ తెలియదు.

ముందు వరుసలో, ప్లాస్టిక్ కుర్చీలో మా అక్క కూర్చుని ఉంది. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆ బడిలో చదివిన వాళ్లలో ఇప్పటికి మిగిలింది బహుశా ఆమె ఒక్కతే. సభ అయిపోయాక ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. సగం దారిదాకా ఆమె రోడ్డునే చూస్తూ కూర్చుంది. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"తమ్మీ, ఆమె మస్తు మంచి మనిషని చెప్తివి గదరా."

"మంచిదే అక్కా."

"మంచిదైతె మా కండ్లు గట్టి, మా నెత్తుల మీద ఆ నీళ్లెందుకు పోసింది మరి? మమ్ముల ఆళ్ల మతంల కలుపుకుందామనే గదా? గది ఒక్కటి చెప్పకపోతివి."

"రేపొచ్చి చెప్తనక్కా" అన్నాను. నా మలుపు ఇంకా రాకముందే ఆటో ఆపించి దిగిపోయాను.

ఆ రేపు అలా వారాలుగా సాగుతోంది. ఇన్నేళ్లూ నేను అనుకున్నది వేరు. అక్కకు నిజం తెలుసు, తెలిసీ నన్ను క్షమించిందో, క్షమించలేదో, ఏదో ఒకటి మనసులో పెట్టుకుందనుకున్నాను. నీళ్లు పడింది ఆమె తల మీదే కదా. ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? మా ఊళ్లో నా మాట నమ్మని మనిషి ఒక్కరుంటే అది మా అక్కే అని నా ధీమా. ఆమె నన్నే నమ్మిందని, ఇన్నేళ్లూ నమ్ముతూనే ఉందని ఆ ఆటోలో తెలిసింది. ఆమె దగ్గరికి వెళ్లేలోపు జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకోవాలి. నోటితో చెబితే నాకు లేనిది కలిపి చెప్పే జబ్బు ఉంది.

మా ఊరు ఇప్పుడు లేదు. గోదావరికి ఇవతల, చెన్నూరు దారి వైపు ఉండేది. బొగ్గు కోసం తవ్విన పెద్ద గుంతలో కలిసిపోయింది. ఊరున్న చోట ఇప్పుడు నేల కూడా లేదు, గాలి ఉంది. అప్పట్లో ఊళ్లో ఒక సర్కారు బడి ఉండేది. మగపిల్లలకు, అదీ ఉర్దూలో. ఆడపిల్లలకు బడి అన్న మాటే ఎవరి నోటా వినలేదు. పత్తి వ్యాపారం చేసే సావుకారికి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు చదువు చెప్పించాలని ఆయన నది అవతల మిషన్ బడిలో చదువుకున్న ఒక పంతులమ్మను పిలిపించాడు. ఒక్క పిల్లకు చెబితే ఏం బాగుంటుంది, ఊరి పిల్లలందరినీ తోలించండి అందట ఆమె. సావుకారి తన పత్తి గోదాం ఖాళీ చేసి ఇచ్చాడు. అలా మొదలైంది ఆ బడి. సర్కారు జీతం లేదు. ఒకరు జొన్నలు, ఒకరు కందులు, గుమ్మడికాయ కాసిన వాళ్లు గుమ్మడికాయ. గోదాం వెనక చిన్న అర్రలో పంతులమ్మ కాపురం. నాకు ఇప్పటికీ పత్తిగింజల వాసన వస్తే బడి గుర్తొస్తుంది. నేను చదివిన బడి కాదు, చదవని బడి.

ఆమె సన్నగా పొడుగ్గా ఉండేది. తెల్లచీర, నల్లగొడుగు, చెవులు బోడిగా. పెళ్లయిందా, మొగుడు పోయాడా, అసలు పెళ్లే కాలేదా అని ఊరి ఆడవాళ్లకు పెద్ద పరేషాన్. ఎవరైనా అడిగితే నవ్వి, "మీ బిడ్డను రేపు బడికి తోలుండ్రి, చెప్త" అనేది. తల్లుల కుతూహలం వల్లే ఇద్దరు ముగ్గురు పిల్లలు బడిలో చేరారు. ఆమె చెప్పిందో లేదో మాత్రం నాకు తెలియదు. ఆదివారం నాడు ప్రార్థనకని పడవెక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి సాయంత్రానికి వచ్చేసేది. అది అందరికీ తెలుసు. ఆమె దేవుడు ఆమెకు, మా నర్సింహస్వామి మాకు, మధ్యలో అక్షరాలు అన్నట్టుగా నడిచిపోయింది కొన్నాళ్లు.

పొద్దున్నే ఒక ముసలామె ఇంటింటికీ తిరిగి ఆడపిల్లలను పోగుచేసి తీసుకెళ్లేది. ఆమె చేతిలో పాతచీర ఒకటి, తాడులా పేనింది. పిల్లలంతా ఆ చీరను పట్టుకుని వరుసగా నడవాలి. చేతులు పట్టుకుని నడిపిస్తే ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారని ఇళ్లల్లో కులం పంచాయితీ వస్తుందని, పంతులమ్మ ఆలోచించి పెట్టిన పద్ధతి అది. చీర పట్టుకుంటే ఎవరూ ఎవరినీ ముట్టినట్టు కాదు. మేం మగపిల్లలం వెంట పడి "మేకలమంద, మేకలమంద" అని అరిచేవాళ్లం. ముసలామె నడక ఆపకుండానే మా తాతముత్తాతలను తిట్టేది. ఒకసారి ఆ చీర కొసను ఒక లేగదూడ మెడకు కట్టేశాను. దూడ పరుగు, పిల్లల కేకలు, ముసలామె బూతులు, వాడంతా ఒకటే గోల.

కట్టేశాను అని రాశాను. కట్టింది నేను కాదు, మా పక్కింటి పోరడు. నేను గోడ పక్కన నిలబడి నవ్వాను. సాయంత్రానికి కట్టింది నేనే అని నలుగురికి చెప్పి పేరు తెచ్చుకున్నాను, దానితోపాటు బాపు చేతి దెబ్బలు కూడా. నా జబ్బు ఎలాంటిదో తెలియడానికి ఇది చెబుతున్నాను.

అక్కకు ఆ బడి పట్ల ఉన్న పిచ్చి ఇంతా అంతా కాదు. నేను ఉర్దూబడిలో మౌల్వీసాబు చింతబరికె తప్పించుకోవడానికి కడుపునొప్పులు కనిపెడుతుంటే, ఆమె జ్వరమొచ్చినా ముసలామె గొంతు వినగానే వాకిట్లోకి ఉరికేది. బడిలో నేర్చుకున్న అక్షరాలను పొద్దున్నే ముగ్గుపిండితో గడప ముందు రాసేది. దాంతో ఇంట్లో కొత్త చిక్కొచ్చిపడింది. మా నాయనమ్మ, బాపమ్మ, అక్షరాలను తొక్కనివ్వదు.

"సదువుల తల్లిని కాళ్లతోని తొక్కుతరార? ఎన్క దిక్కుకెల్లి పోండ్రి" అనేది.

బాపు నాగలి భుజాన పెట్టుకుని దొడ్డివైపు నుంచి తిరిగి వెళ్లాల్సి వచ్చేది. "అవ్వా, గిది ఇల్లా, బడా? రేపు ఎడ్లు గూడ సదువు నేర్సుకోని పోవాల్నా?" అని గొణిగేవాడు. అయినా తొక్కేవాడు కాదు. బడి అంటే బాపమ్మకు ఎంత అనుమానమో, అక్షరమంటే అంత భయభక్తులు. ఆ రెంటి మధ్య సందులోంచి అక్క చదువుకుంటూ పోయింది.

అప్పుడు సీతాఫలాల కాలం వచ్చింది. బతుకమ్మ పండుగ దగ్గరపడింది. గుట్టమీద తంగేడు విరగబూసింది. బడిలో పిల్లలంతా ఒకచోట తలలు ఆనించి కూర్చునేసరికి ఒకరి పేలు ఒకరికి ఎక్కి, అందరూ అక్షరాలు దిద్దడం కంటే తల గోక్కోవడమే ఎక్కువైంది. అక్క నాతో అంది. "తమ్మీ, సీతపండ్లు తిన్నంక గింజలు పారెయ్యకు. మా పంతులమ్మకు కావాల్నట. పేన్ల మందు జేస్తదట."

తినమని, ఆ పైన గింజలిమ్మని అడిగితే నాకంటే సంతోషించేవాడు ఎవడు? నాలుగు రోజులు గుట్టమీదే ఉన్నాను. జొన్నరొట్టె ముట్టలేదు. చేతులు, మూతి, చొక్కా అంతా సీతాఫలం జిగురే. గింజలన్నీ ఒక గుడ్డలో మూటగట్టి నేనే స్వయంగా గోదాం వెనకకు పోయి పంతులమ్మకు ఇచ్చాను. ఆమె బెల్లం కలిపిన సత్తుపిండి ముద్ద నా చేతిలో పెట్టింది.

"గీటిని ఎండవెట్టి, ఏంచి, దంచి, నూనెల కలుపుతరు బిడ్డా. పేన్లు ఒక్కటి బతుకది. గని కండ్లల్ల వడితె కండ్లు పోతయి. అందుకే కండ్లకు గుడ్డ గట్టాలె. గింజలు దంచిన చేతితోని నువ్వు గూడ కండ్లు నలుపకు" అంది.

"ఇప్పుడే ఎందుకు?" అని అడిగాను.

"బతుకమ్మకు పిల్లల తలలు సక్కగుంటె ఆళ్లవ్వలు సంతోషపడుతరు. సంతోషపడి ఇంకో నలుగురిని తోల్తరు. సావుకారి ఎన్నొద్దులని గోదాం ఇస్తడు? పిల్లలు పెరిగితె బడి నిలబడుతది."

ఆమె ఇంత విడమరిచి నాకు చెప్పింది. తొమ్మిదేళ్లు నిండని వెధవకు. నాకు అంతా తెలుసు. అది ముందే రాసి పెడుతున్నాను, తర్వాత ఏ కారణం చూపినా చెల్లకుండా.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, మౌల్వీసాబు కునుకు తీస్తున్న సమయం చూసి బడి ఎగ్గొట్టి గోదాం వెనక చెక్కల సందులోంచి తొంగిచూశాను. పిల్లలంతా వరుసగా మోకాళ్లమీద కూర్చున్నారు. కళ్లకు తెల్లగుడ్డలు. తలలు ముందుకు వంచి ఉన్నారు. పంతులమ్మ ఒక్కొక్కరి దగ్గర ఆగి చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోస్తోంది. ముసలామె వెనకాల కుంకుడు పులుసు పట్టుకుని నడుస్తోంది. పిల్లలు భయపడకుండా పంతులమ్మ ఎక్కం చెబుతుంటే వాళ్లు గుడ్డల వెనక నుంచి అందుకుంటున్నారు. మా అక్క వంతు వచ్చింది. ఆమె తలను పంతులమ్మ ఒక చేత్తో పట్టుకుంది, జారిపోకుండా. మమ్మల్ని కన్న అవ్వ కూడా మా తలలను అలా పట్టుకునేది.

చూసి మామూలుగా ఇంటికి పోతే అయిపోయేది. నేను కమ్మరి కొలిమికి పోయాను.

కోతల కాలం కాబట్టి కొలిమి దగ్గర ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు. కొడవళ్లకు సాన పట్టించుకోవాలి. నేను తిత్తి ఊదుతూ కథలు చెబుతుంటే వాళ్లకు పొద్దుపోయేది. అంతకు ముందు నెలలో గుట్టమీద పులిని చూశానని చెప్పి, అది నక్క అని తేలాక, నా పేరే పులిగాడైంది.

"రారా పులిగా. ఇయ్యాల ఏం గనవడ్డది?" అన్నాడు కమ్మరి తాత. అందరూ నవ్వారు. పటేలు కూడా అక్కడే గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఆయన మనుమరాలు కూడా ఆ బడిలోనే ఉంది.

"పులి గాదు తాతా. గంతకన్న పెద్ద ముచ్చట."

"చెప్పు చెప్పు. తిత్తి మాత్రం ఆపకు."

"గోదాంల పంతులమ్మ ఆడివిల్లలను వరుసగ కూసోవెట్టింది. అందరి కండ్లకు గుడ్డలు గట్టింది. నెత్తులు వంచుమన్నది. చెంబుతోని నీళ్లు పోసింది."

ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు. పేన్లకు అన్న మాట ఒకటి చేర్చి ఉంటే, "థూ, గింతేనారా" అని నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ సుత్తె ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నా మాట విని మనుషులు నవ్వకుండా ఉండటం నా బతుకులో అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం సత్తుపిండి కంటే తియ్యగా ఉంది. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

"కండ్లెందుకు గట్టిందిరా?" అడిగాడు పటేలు.

"ఏమో."

మొదటి అబద్ధం అదే.

"నీళ్లు పోసుకుంట ఏమన్న సదివిందా?"

"సదివింది."

"ఏం సదివింది?"

"మనకు సమజ్ గాని మాటలు." ఎక్కాలు నాకు సమజ్ కాని మాట నిజమే మరి.

"ఆళ్ల ప్రార్థన కాడ గట్లనే నెత్తిమీద పోస్తరట. పోస్తె ఇగ ఆళ్ల మతంల కలిసినట్టే" అన్నాడు పక్కనున్నాయన.

"చేతుల పుస్తకం ఉండెనార?" అన్నాడు పటేలు.

"ఉండె. నల్లది."

చెంబు పట్టుకున్న చేతిలో పుస్తకం ఎలా పట్టుకుంటుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్లు అడుగుతూ పోయారు, నేను ఔనంటూ పోయాను. ఆ కథలో సగం నాది, సగం వాళ్లది. అలా పంచుకుంటే నా పాలు తగ్గుతుందేమోనని చాలా ఏళ్లు ఆలోచించాను. తగ్గలేదు.

పొద్దుగూకేలోపు ఆ మాట మా ఇంటికి నాకంటే ముందే చేరింది. అవ్వ కొట్టిపారేసింది. "వీని కోతలు వట్టుకోని పిల్ల సదువు ఆపుతరా? నక్కను పులి జేసినోడు."

"కోతలు గోస్తడు, ఎరుకే. కండ్లు గట్టింది నిజమా, కాదా? పిల్లనే అడుగు" అన్నాడు బాపు.

"గట్టింది బాపూ. పేన్ల మందు వెట్టి కడిగింది" అంది అక్క. తల ఇంకా తడిగానే ఉంది. కుంకుడుకాయ వాసన వస్తోంది.

"కండ్లు గట్టినంక నీకేం ఎరుకనే?" అంది బాపమ్మ. "మందని నీకు జెప్పింది. ఎన్కాల ఏం జేసిందో, ఏం సదివిందో నీకు గనవడ్డదా?"

అక్క మొహంలో ఏదో కదిలింది. నా వైపు తిరిగింది. అందరినీ వదిలేసి నన్నే అడిగింది.

"నువ్వు సూసినవారా తమ్మీ? నిజంగ గట్ల జేసిందా?"

"సూసిన" అన్నాను.

మర్నాడు ముసలామె పేనిన చీర పట్టుకుని ప్రతి వాకిట్లో ఆగింది. పిలిచింది. ఏ వాకిట్లోంచీ ఎవరూ రాలేదు. చీర మట్టిలో ఈడ్చుకుంటూ వెనక్కి పోయింది. ఆ రోజు మేం మగపిల్లలం ఎవరం మేకలమంద అని అరవలేదు.

పంతులమ్మ తిన్నగా పటేలు ఇంటి ముందుకు వచ్చింది. మగవాళ్లంతా పోగయ్యారు. చేతిలో నూనె సీసా ఉంది. "వాసన సూడుండ్రి పటేలా. సీతపండ్ల గింజల నూనె. పేన్లకు రాసిన."

"నూనె ముచ్చట ఎవలడిగిండ్రమ్మా? నీళ్ల ముచ్చట చెప్పు."

"నూనె పోవాల్నంటె నీళ్లు పోయద్దా పటేలా? మీ ఇంట్ల నూనె ఎట్ల కడుగుతరు?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కమ్మరి తాత అయితే, "గదీ నిజమే గదా" అని కూడా అన్నాడు. ఆమె మాట నెగ్గేటట్టే ఉంది. అప్పుడు ఆమె జనంలో నన్ను చూసింది. మొహం విప్పారింది. దిక్కుతోచని చోట తెలిసినవాళ్లు కనబడితే విప్పారినట్టు.

"ఇగో, గీ పిలగాన్ని అడుగుండ్రి. గింజలు తెచ్చిచ్చింది గీయననే. కండ్లెందుకు గడుతరో గూడ చెప్పిన. చెప్పు బిడ్డా."

నేను ఔనంటే మళ్లీ పులిగాణ్ణే. నిన్న నా మాటకు సుత్తె ఆగింది, ఇవాళ అందరూ కడుపు పట్టుకుని నవ్వుతారు. బాపు బరికె తీస్తాడు. అంతే నాకు పోయేది. అటుపక్క ఏం పోతుందో నాకు తెలియదని ఎలా అనను? ఆమే చెప్పింది, పిల్లలు పెరిగితే బడి నిలబడుతుందని.

"నేను తేలే. నాకెరుకలే" అన్నాను.

ఆమె కాసేపు చూసింది. తిట్టలేదు. "సరే బిడ్డా" అంది. ఇంకొక్కసారి గట్టిగా అడిగి ఉంటే ఏడ్చి చెప్పేసేవాణ్ణని నాకు నేను చెప్పుకుంటుంటాను. ఆమె అడగలేదు. పదిమందిలో ఒక పిల్లాణ్ణి అబద్ధాలకోరు అనడం ఆమె వల్ల కాలేదనుకుంటాను. ఆడపిల్లలను మాత్రం ఎవరూ పిలిచి అడగలేదు. తలలు వాళ్లవి, ఊరు నమ్మింది నా కళ్లను.

ఆ మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను పశువుల కొట్టం మీద గడ్డిలో దాక్కుని చూశాను. తలుపు వేసి ఉంది. అక్కను పేరు పెట్టి పిలిచింది. "ఒక్కసారి తలుపు తియ్యి బిడ్డా. ఒక్క మాట చెప్పిపోత." లోపల అలికిడి లేదు. ఇంకోసారి పిలిచింది. బడిలో ఉండిపోయిన అక్క పలకను కొంగుతో తుడిచి గడప మీద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత చాలా ఏళ్లు ఆ పలక మా ఇంట్లో పచ్చడి కుండకు మూతగా ఉంది.

బాపమ్మ, మిగతా ఇళ్ల ముసలివాళ్లు కలిసి ఆడపిల్లలందరినీ, ఆ నీళ్ల మైల పోవాలని, ధర్మపురి తీసుకెళ్లి గోదావరిలో ముంచి తెచ్చారు. నేనూ వెంట పోయాను. పులిహోర తిన్నాను. రేవు మెట్ల మీద అక్క వణుకుతూ నిలబడి ఉంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. పంతులమ్మ పోసినవి కూడా గోదావరి నీళ్లే. ముసలామె బిందెతో మోసుకొచ్చినవి. ఆ మాట పైకి అనలేదు.

పంతులమ్మ ఏ పొద్దున పడవెక్కిందో చూడలేదు. ఎటు పోయిందో, ఇంకే ఊళ్లోనైనా బడి పెట్టిందో, ఎన్నాళ్లు బతికిందో తెలియదు. పెద్దయ్యాక వెతకలేదు. వెతికానని సభలో చెప్పాను. సావుకారి "పత్తి కాలమొచ్చింది, గోదాం కావాలె" అన్నాడు. ఆ ఏడు బతుకమ్మ ఆడిన ఆడపిల్లల జుట్లు నిగనిగలాడాయి. తంగేడు పూలు పెట్టుకుని చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. ఒక్కరూ తల గోక్కోలేదు. అది చూసిన తల్లులు ఒక్కరైనా ఆలోచించి ఉంటారా అని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కకు ఆ తర్వాతి ఎండకాలమే పెళ్లయింది. బావ బొగ్గుబాయిలో చేరాడు. ఆమె బీడీలు చుట్టింది, పిల్లలను పెంచింది, అందరినీ చదివించింది. నేను చదువుకుని బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఒకసారి బస్సు కోసం ఇద్దరం నిలబడ్డాం. బోర్డు మీద మందమర్రి అని రాసి ఉంది. మధ్యలో ఉన్న ద అక్షరం మీద వేలు ఆడించి, "గిది నాకచ్చు. గిటు పక్కయి, గటు పక్కయి మేం నేర్వకముందే బడి బందైంది" అని నవ్వింది. ఆ నవ్వులో నింద లేదు. లేకపోవడం వల్లే ఆమెకు అంతా తెలుసనీ, మనసు పెద్దదనీ నేను అనుకున్నాను. మనసు పెద్దదే. తెలియదు.

ఇంతవరకు రాసి, మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఉండే క్వార్టరుకు వెళ్లాను. వాకిట్లో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. గింజలు నేనే తెచ్చానని, పంతులమ్మ నాకంతా విడమరిచి చెప్పిందని, కొలిమిలో నేనేం కలిపానో, పటేలు ఇంటి ముందు ఏమన్నానో. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆ రోజు ఆమె మన ఇంటికి వచ్చి పిలిచింది అక్కా. బాపు నిన్ను లోపల వెట్టి తలుపేసిండనుకున్న. నేను కొట్టం మీదనే ఉన్న. అప్పుడన్నా దిగొచ్చి చెప్పాల్సింది."

"బాపు పొలంకాడ ఉండె" అంది అక్క.

"మరి బాపమ్మనా?"

"ఇంట్ల ఎవ్వలు లేరు. గొళ్లెం వెట్టింది నేనేరా."



"నువ్వు సూసినవని చెప్తివి గదా. మల్ల పోస్తదేమోనని భయమైంది. గొళ్లెం వెట్టుకోని చెవులు మూసుకున్న. బిడ్డా, బిడ్డా అని పిలిచె. నేను పలుకకపోతి." ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "గింత కపటం మనిషి గదా, మోసం జేసింది గదా అని ఎన్ని తిట్లు తిట్టుకున్ననో మనసుల. ఆమె నన్ను సూసి పోదామని వచ్చిందార?"

కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది.

"నాటకాలు వద్దు. సభల జేసినవి సాలు. మల్ల ఒకసారి చెప్పు. మొదటికెల్లి చెప్పు. నువ్వు ఏం కలుపకుంట చెప్పు."

గొంతు సవరించుకున్నాను. అలవాటుగా నోట్లోకి మాటలు చాలా వచ్చాయి, గుట్ట, కొలిమి, పటేలు మీసాలు. అన్నీ మింగాను. ఏమీ కలపకపోతే ఆ కథ ఎంత చిన్నదో నాకు అప్పటిదాకా తెలియదు.

"మీ తలలల్ల పేన్లున్నయి అక్కా. ఆమె కడిగింది."

"అంతేనా?"

"అంతే."

ఆమె మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకుంది. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.